పలచని తెరకు పెద్ద ఆకలి

పలక స్పీకర్లు కొనడం ఒక ఎత్తు, వాటిని పోషించడం మరో ఎత్తు

ఎత్తు ఆరడుగులకు ఒక అంగుళం తక్కువ. వెడల్పు రెండడుగులు. మందం రెండంగుళాలైనా లేదు. చట్రానికి గుడ్డ తొడిగి హాలులో నిలబెట్టిన ఈ వస్తువును మొదటిసారి చూసినవారు ఏ తడికో, మరుగు తెరో అనుకుంటారు. పాట మొదలైన తరువాత కూడా స్పీకర్లు ఎక్కడున్నాయా అని చుట్టూ వెదకడం కద్దు. పెట్టె లేదు, కాగితపు గరాటా లేదు. తెరే పాడుతుంది.

ఇంగ్లీషువారు వీటిని ప్లేనార్ స్పీకర్లన్నారు. పలక స్పీకర్లనుకుంటే మనకు సులువు. అమెరికాలోను, ఇంగ్లండులోను పుట్టిన ఈ వస్తువులను ఉద్యోగాలు ముగించుకుని తిరిగి వచ్చేటప్పుడు సామానుతోపాటు తెచ్చుకునే తెలుగువారు లేకపోలేదు. పాతవి చేతులు మారడమూ ఉన్నది. కష్టపడి తెచ్చుకుని, హాలులో నిలబెట్టి, ఉన్న ఆంప్లిఫయరుకే తగిలించి చూసుకున్నాక చాలామంది నోట వచ్చే మాట ఒకటే: "గొంతు బాగుంది గానీ దమ్ము లేదు." తరువాత తీగలు మారుస్తారు, కెపాసిటర్లు మారుస్తారు, కింద రాతిపలకలు వేస్తారు. డబ్బు వేలల్లో వెళ్లిపోతుంది. దమ్ము మాత్రం రాదు. దోషం తెరలో ఉండదు. దానికి తిండి పెట్టే యంత్రంలోనో, దాని వెనక ఉన్న గోడలోనో ఉంటుంది.

గరాటా వేరు, తెర వేరు

మనమంతా ఎరిగిన లౌడ్ స్పీకరు కాగితపు గరాటాది. 1925లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు రైస్, కెలాగ్ దాని స్వరూపాన్ని స్థిరపరచారు. నూరేళ్లు దాటినా మూల సూత్రం మారలేదు. గరాటా మొదట్లో ఒక చిన్న తీగచుట్ట ఉంటుంది. అది అయస్కాంతపు సన్నని సందులో కదులుతుంది. దానితోపాటు గరాటా కదిలి గాలిని తోస్తుంది. వెనుకవైపు వెలువడే ధ్వని ముందు ధ్వనిని చంపకుండా దాన్ని పెట్టెలో బంధిస్తారు. చిక్కు అక్కడే. తోసేది మొదట్లో, కదలవలసింది గరాటా అంతా. అంచు ఒక క్షణం వెనకబడి సొంతంగా వణుకుతుంది. పెట్టె చెక్కలు కూడా తమ పాట తాము పాడతాయి.

పలక స్పీకరులో ప్లాస్టిక్ పొర ఒకటి చట్రానికి బిగించి ఉంటుంది. వెంట్రుక కంటే సన్నన. దాని ఒంటినిండా తీగలు పరచి అతికిస్తారు. ఎదురుగా బెజ్జాల ఇనుప రేకు మీద అయస్కాంతపు పట్టీలు వరసగా ఉంటాయి. తీగలో విద్యుత్తు పారినప్పుడు పొర మొత్తం ఒక్కసారిగా కదులుతుంది. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో 3ఎం సంస్థ ఇంజనీరుగా పనిచేసిన జిమ్ వైనీ కనిపెట్టిన పద్ధతి ఇది. ఫ్రిజ్ తలుపుల్లో వాడే మెత్తటి అయస్కాంతపు పట్టీల జాతివే ఆయనకు పనికివచ్చాయి. 1969లో వైట్ బేర్ లేక్ అనే ఊళ్లో ఆయన పెట్టిన మాగ్నెపాన్ సంస్థ తయారుచేసిన స్పీకర్లే మాగ్నెప్లేనార్లు. తొలినాళ్లలో ఒక్కో వైపు మూడేసి పలకలు మడత తెరలాగా నిలబడేవి. అభిమానులు ముద్దుగా "మ్యాగీలు" అంటారు.

రెండో జాతి స్థిరవిద్యుత్తుది. ఇందులో అయస్కాంతమే లేదు. పొరకు వేల వోల్టుల విద్యుదావేశం ఇచ్చి, రెండు పక్కలా నిలిపిన బెజ్జాల పలకల మధ్య ఊగేట్టు చేస్తారు. ఇంగ్లండులో హంటింగ్డన్ పట్టణంలో పీటర్ వాకర్ నడిపిన సంస్థ 1957లో అమ్మకానికి పెట్టిన క్వాడ్ ఈఎస్ఎల్ వీటిలో పెద్దముత్తైదువ వంటిది. గదిని వేడిచేసే విద్యుత్ పొయ్యిలాగా ఉంటుంది చూడటానికి. 1985 దాకా తయారైంది. మొత్తం యాభై వేలకు పైగా అమ్ముడైందంటే ఆ గొంతు మహత్తు అర్థమవుతుంది. వాకర్ రెండో ప్రయత్నమైన ఈఎస్ఎల్-63 బజారులోకి వచ్చింది 1981లో. పేరులోని 63 ఆ పని మొదలుపెట్టిన ఏడు. ఒక స్పీకరు కోసం పద్దెనిమిదేళ్లు తంటాలుపడిన మనిషి ఆయన.

మూడోది రిబ్బను. ఇక్కడ పొర మీద తీగ ఉండదు, లోహపు రేకే పాడుతుంది. దీన్ని మంద్రం నుంచి తారం దాకా అన్నిటికీ వాడి పెద్ద సాహసం చేసినది అమెరికాలోని అపోజీ సంస్థ. 1981లో మొదలై 1999లో మూతపడింది.

మూడు జాతులూ మూడు స్వభావాలు. ఒకదానికి ఎక్కువ పెడితే ప్రాణం మీదికి వస్తుంది. ఒకదానికి తక్కువ పెడితే నీరసపడుతుంది. మూడోది పెట్టేవాణ్నే మింగేస్తుంది.

లెక్క చూస్తే ఎంత?

మొదట నీరసపడే మ్యాగీ సంగతి. గరాటా స్పీకరులో అయస్కాంత బలమంతా మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల సందులో కేంద్రీకరించి ఉంటుంది. ఇక్కడ అదే బలం నిలువెత్తు తెర మీద పలచగా పరుచుకుంటుంది. పైగా వెనుకవైపు ధ్వనిని బంధించే పెట్టె లేదు కనుక మంద్రస్థాయిలో ముందు వెనుకల ధ్వనులు అంచుల దగ్గర కలిసి ఒకదాన్నొకటి తినేస్తాయి. అందుకే ఇచ్చిన శక్తికి వచ్చే శబ్దం తక్కువ.

కంపెనీవారు చెప్పే అంకె 86 డెసిబెల్స్. ఇది చూసి ఫరవాలేదే అనుకునేవారున్నారు. ఆ కొలత 2.83 వోల్టులకు, ఒక మీటరు దూరంలో తీసినది. ఎనిమిది ఓంల స్పీకరైతే ఆ వోల్టేజీకి ఒక వాటు ఖర్చవుతుంది. ఇవి నాలుగు ఓంలవి. కనుక ఖర్చు రెండు వాట్లు. వాటుకు లెక్కవేస్తే 83 మాత్రమే. బజారులో దొరికే మామూలు పెట్టె స్పీకర్లు దీనికన్నా నాలుగైదు డెసిబెల్స్ పైనే ఉంటాయి. ప్రతి మూడు డెసిబెల్స్‌కు శక్తి రెట్టింపు కావాలి, పదికి పదింతలు కావాలి అన్నది గుర్తుంచుకుంటే ఆ నాలుగైదు డెసిబెల్స్ ఎంత ఖరీదైనవో తెలుస్తుంది.

హాలులో పది అడుగుల దూరాన కూర్చుని కచేరీ వింటున్నారనుకుందాం. సగటు శబ్దం 80 డెసిబెల్స్. మంచి రికార్డింగులో తనియావర్తనం ముక్తాయింపు దగ్గర క్షణకాలం అది నూరుకు ఎగురుతుంది. దూరానికి అయిదు డెసిబెల్స్ పోతాయి. నిలువెత్తు తెరలు కనుక చిన్న స్పీకర్లకు పోయినంత పోదు. రెండు స్పీకర్లు కలిసి మూడు తిరిగి ఇస్తాయి. ఈ లెక్కన సగటున ఒక్కొక్క స్పీకరుకు ఖర్చయ్యేది ముప్పాతిక వాటు, మరికాస్త. ముక్తాయింపు పడిన ఆ క్షణానికి మాత్రం 80 వాట్లు కావాలి. ఇంకో మూడు డెసిబెల్స్ పెంచి వినే అలవాటుంటే 160. కుర్రవాళ్లు ఆరు పెంచితే 320.

ముప్పాతిక వాటుకు బాగానే పాడే చిన్న ఆంప్లిఫయరు ముక్తాయింపు దగ్గర చేతులెత్తేస్తుంది. తరంగం శిఖరాలు కత్తిరించినట్టు తెగిపోతాయి. చెవికి అది పెద్ద శబ్దంగా కాక గరగరగా, విసుగుగా వినబడుతుంది. విన్నవారు తెరను తిడతారు.

అట్టపెట్టె మీది అంకెలు

మరి 100 వాట్ల యంత్రం ఉన్నది కదా అంటే, ఏ ఓంల దగ్గర అని అడగాలి. అట్టపెట్టె మీద రాసేది ఎనిమిది ఓంల లెక్క. నాలుగు ఓంలకు రెండింతల కరెంటు ఇవ్వవలసి ఉన్నది. లోపల ట్రాన్స్‌ఫార్మరు, కెపాసిటర్లు దిట్టంగా ఉన్న యంత్రం 100ను 200 చేస్తుంది. లేనిది 120 దగ్గర ఆగి వేడెక్కుతుంది. 120కీ 100కీ తేడా ఒక డెసిబెల్ కూడా లేదు. సినిమాల కోసం అమ్మే ఏడు చానెళ్ల రిసీవర్లలో ఒకటి రెండు చానెళ్లు మాత్రమే నడిపి తీసిన అంకెలు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. వెనకవైపు చిన్న అక్షరాల్లో ఎన్ని ఓంల కంటే తక్కువ తగిలించకూడదో రాసి ఉంటుంది. కొనేవారు చదవవలసింది ఆ చిన్న అక్షరాలు.

పాత యంత్రాల బజారులో ఒక మోటు పరీక్ష ఉన్నది. రెండు చేతులతో ఎత్తి చూడటం. నడుం పట్టుకుంటే మంచి ట్రాన్స్‌ఫార్మరు ఉన్నట్టే. ఇది ఇప్పుడు పూర్తిగా చెల్లదు. క్లాస్-డి అనే కొత్త జాతి ఆంప్లిఫయర్లు ఒక చేత్తో ఎత్తగలిగినంత తేలికగా ఉండి, నాలుగు ఓంలకు 200 వాట్లు అవలీలగా ఇస్తున్నాయి. మ్యాగీ వంటి మొండి నిరోధానికి అవి బాగా నప్పుతాయి. ఎందుకంటే మ్యాగీ ఆకలిగొట్టుదే గాని గయ్యాళిది కాదు. మంద్రం నుంచి తారం దాకా ఇంచుమించు నాలుగు ఓంలుగానే ఉంటుంది. వాల్వు యంత్రాలు కూడా నాలుగు ఓంల కొసకు కలిపితే చక్కగా పాడతాయి. వాట్లు చాలినన్ని ఉండాలి, అంతే.

మాగ్నెపాన్ 2019లో ఎల్ఆర్ఎస్ అనే చిన్న స్పీకరు తెచ్చింది. నాలుగడుగుల ఎత్తు, పద్నాలుగున్నర అంగుళాల వెడల్పు, ఒక అంగుళం మందం. అప్పటి ధర జతకు 650 డాలర్లు. చవకది కదా అని చవక యంత్రానికి తగిలిస్తే సన్నగా పాడింది. స్పీకరు ధరకు రెండు మూడింతల ఖరీదు చేసే ఆంప్లిఫయరు తగిలిస్తే అవాక్కయ్యేట్టు పాడింది. తక్కువ ధరకు స్పీకరు అమ్మి, కొన్నవారికి తమ యంత్రం తాహతు ఎంతో తెలియజెప్పడం కంపెనీ ఎత్తుగడల్లో ఒకటి. మామ ఇచ్చిన స్కూటరుకు అల్లుడు పెట్రోలు పోయించుకోవడం వంటి వ్యవహారం.

ఎక్కువ పెడితే చచ్చేది

క్వాడ్ ఈఎస్ఎల్ సంగతి పూర్తిగా తిరగబడి ఉంటుంది. అది 15 వాట్ల క్వాడ్-2 వాల్వు ఆంప్లిఫయరు ఉన్న కాలంలో పుట్టింది. దాని తారస్థాయి పలకకు మితిమీరిన వోల్టేజీ ఇస్తే పొరకూ రేకుకూ మధ్య నిప్పురవ్వ దూకి పొరకు చిల్లిపడుతుంది. ఇక ఆ పలక పనికిరాదు. 1975లో క్వాడ్ వారే 100 వాట్ల 405 ఆంప్లిఫయరు తెచ్చినప్పుడు, ఈఎస్ఎల్ ఉన్నవారి కోసం వోల్టేజీని కట్టడి చేసే ఏర్పాటు కూడా పెట్టవలసి వచ్చింది. తండ్రి చేసిన యంత్రమే తండ్రి చేసిన స్పీకరును చంపగలదన్నమాట. ఆ కట్టడి లేని 405ను చౌకగా దొరికిందని తెచ్చి పాత ఈఎస్ఎల్‌కు తగిలించడం ప్రమాదం.

అంతటితో అయిపోలేదు. స్థిరవిద్యుత్ స్పీకరు ఆంప్లిఫయరుకు ఒక పెద్ద కెపాసిటరులాగా కనిపిస్తుంది. కింది స్థాయిల్లో ముప్పై ఓంల పైన ఉండే నిరోధం తారస్థాయి చివరకు వచ్చేసరికి రెండు ఓంల దరిదాపులకు పడిపోతుంది. కొన్ని ట్రాన్సిస్టరు యంత్రాలు దీన్ని తట్టుకోలేక అస్థిరపడతాయి. కనుక ఇక్కడ చూడవలసింది వాట్ల సంఖ్య కాదు. పదిహేనో, పాతికో, నలభయ్యో వాట్లు చాలు, యంత్రం నిబ్బరంగా ఉండాలి. ఎక్కువ శబ్దం కోరేవారు ఈ స్పీకరు జోలికి పోకపోవడమే మంచిది. గొంతు, వీణ, వయొలిన్ వినేవారికి అరవై ఏళ్లు దాటినా దీని సాటి అరుదు.

పెట్టేవాణ్ని మింగేది

1980 దశకంలో అపోజీ వారు సింటిల్లా అనే రిబ్బను స్పీకరు చేశారు. దాని నిరోధం ఒక ఓం. నాలుగు ఓంలుగా కలుపుకునే వీలు కూడా పెట్టారు గాని, ఒక ఓంలోనే దాని సొగసు అని అభిమానుల వాదన. ఒక ఓం అంటే ఆంప్లిఫయరు దృష్టిలో షార్ట్ సర్క్యూట్‌కు పక్కింటి చుట్టం. లెక్కచూస్తే, మ్యాగీకి 80 వాట్లు ఇచ్చేటప్పుడు యంత్రం పంపేది సుమారు 18 వోల్టులు, నాలుగున్నర ఆంపియర్లు. అదే 18 వోల్టులు సింటిల్లాకు పంపితే 18 ఆంపియర్లు, 320 వాట్లు. ఇళ్లలో మిక్సీ, ఫ్రిజ్ తగిలించే ప్లగ్గుకు ఇచ్చే 6 ఆంపియర్ల హద్దును పక్కన పెట్టి చూస్తే ఆ కరెంటు ఎంతో తెలుస్తుంది. ఎన్నో యంత్రాలు దీని ముందు నిలవలేదు. 1980లో మొదలైన క్రెల్ సంస్థ ఆంప్లిఫయర్లకు ఆ కాలంలో పేరు రావడానికి, అవి అపోజీలను తొణక్కుండా నడపడం ఒక ముఖ్య కారణం.

తీగల మీద జరిగే వాదనలు కూడా ఈ లెక్కలోనే తేలిపోతాయి. పవర్ ప్లగ్గుకు ఎలక్ట్రీషియన్లు లాగే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను అయిదు మీటర్ల దూరానికి వాడితే, రాకపోకలు కలిపి నిరోధం 0.07 ఓం. నాలుగు ఓంల మ్యాగీకి పోయేది 0.15 డెసిబెల్. ఏ చెవికీ అందదు. ఒక ఓం సింటిల్లాకు పోయేది 0.6. అది పట్టించుకోదగినదే. అంటే అపోజీ ఉన్నవారు లావు తీగ వేసుకోవాలి. మ్యాగీ ఉన్నవారు మూరకు వేలు పోసి పాము చర్మం వంటి తీగలు కొనవలసిన పని లేదు.

ఖర్చులేని బాగు

స్పీకరును బాగుచేయడమంటే విప్పి లోపల ఏదో మార్చడమని చాలామంది అభిప్రాయం. అసలు బాగు గదిలోనే ఉన్నది. ఈ తెరలు ముందుకు ఎంత పాడతాయో వెనక్కీ అంతే పాడతాయి, కాకపోతే తిరగబడిన తరంగంతో. వెనక్కి పోయిన ధ్వని గోడకు తగిలి తిరిగివచ్చి ముందు ధ్వనితో కలుస్తుంది. తెరను గోడకు అడుగు దూరంలో పెడితే ఈ రెండూ మంద్రస్థాయిలో ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం 90 హెర్ట్జ్ దగ్గరే మొదలవుతుంది. మృదంగం ఎడమ చేతి మోతలోని గాంభీర్యం చాలావరకు ఆ మేరలోదే. మూడడుగులు జరిపితే ఆ నష్టం 30 హెర్ట్జ్ కిందికి దిగిపోతుంది, అక్కడ సంగీతం తక్కువ. జరిపినందుకు 190 దగ్గర ఒక చిన్న గుంట పడుతుంది, నిజమే. ఏ గదిలోనైనా లాభనష్టాలు ఉండేవే. అయిదు వేల మైళ్ల నుంచి తెచ్చిన స్పీకరును గోడకు అంటించి "మంద్రం లేదు" అనేవారికి ముందు చెప్పవలసిన మాట, కాస్త ముందుకు జరపండి అని. మూడడుగుల వల్ల ఇంకో మేలు, వెనక ధ్వని వెయ్యోవంతు సెకన్లలో అయిదు ఆలస్యంగా వచ్చి మాటను మసకబార్చకుండా గదికి లోతు ఇస్తుంది.

పక్క గోడల బెంగ అంతగా లేదు. తెర అంచుల వైపు ధ్వని దాదాపు పోదు. పెట్టె స్పీకర్లతో పోలిస్తే ఇది పెద్ద సౌకర్యం.

ఇక్కడ ఇంటి రాజకీయం వస్తుంది. పన్నెండడుగుల వెడల్పు, పదహారడుగుల పొడవు ఉన్న హాలులో తలుపుల వంటి రెండు తెరలు గోడకు మూడడుగులు ఎడంగా నిలబడితే, వెనక మూడడుగులు ఇల్లు కోల్పోయినట్టే. సోఫా తొమ్మిదడుగుల అవతలకు పోవాలి. చీపురు తిరగాలి, పిల్లలు పరుగెత్తాలి, పండగకు వచ్చిన చుట్టాలు పడుకోవాలి. ఆంప్లిఫయరు ఎంపిక కన్నా ఈ చర్చ కష్టమైనది. వినేటప్పుడు మాత్రం ముందుకు జరిపి, తరువాత గోడకు చేర్చడం అనేక ఇళ్లలో కుదిరిన రాజీ. నేల మీద రంగు టేపు ముక్కలు రెండు అంటిస్తే ప్రతిసారీ కొలవనక్కరలేదు. తెరలు తేలిక, ఒకరే జరపగలరు.

మన స్లాబు ఇళ్లలో గోడలు సిమెంటు, నేల మొజాయికు లేదా టైల్సు. చప్పట్లు కొడితే గణగణ మోగుతుంది. తెరల వెనక పుస్తకాల బీరువా ఉంటే మేలు. పుస్తకాలు ధ్వనిని చీల్చి వెదజల్లుతాయి. మందపాటి పరదాలు నిండా వేస్తే మాత్రం తెరలు పాడే పాటలో సగం పరదాలు తాగేస్తాయి. నేలకు జంపఖానా చాలు. ఇంకా తారస్థాయి చురుగ్గా గుచ్చుకుంటూ ఉంటే, మ్యాగీ వెనకవైపు దానికోసమే ఏర్పాటు చేసిన చోట ఒక ఓం రెసిస్టరు పెట్టవచ్చు. ఇది కంపెనీవారే చెప్పిన ఉపాయం. దాని ధర టిఫిను ఖర్చు దాటదు.

మరో సంగతి. మ్యాగీలు ఎడమ కుడి అద్దంలో ప్రతిబింబాల్లా ఉంటాయి. తారస్థాయి పట్టీ ఒక అంచున ఉంటుంది. రెంటినీ మార్చి పెడితే ఆ పట్టీలు లోపలికో బయటికో వస్తాయి. వేదిక వెడల్పు, గాయకుడు నిలబడే చోటు మారిపోతాయి. పది నిమిషాల పని. ఏది బాగుందో ఇంట్లోవారందరి చేతా వినిపించి తేల్చుకోవచ్చు.

డబ్బు పెట్టదగినవి

ఆంప్లిఫయరు, స్థలం కుదిరాక ఇక లోపలి పనులు. పాత మోడళ్లలో ధ్వనిని స్థాయిల వారీగా విడదీసే క్రాసోవరు కాయిళ్లు, కెపాసిటర్లు చట్రంలోనే ఇరికించి ఉంటాయి. వయసు మళ్లిన కెపాసిటర్లను మార్చడం వల్ల మేలు ఉన్నది. మందమైన తీగ కాయిళ్లు వాడి, వాటిని బయట వేరే పెట్టెలో పెట్టుకునేవారున్నారు. రెండేసి ఆంప్లిఫయర్లతో మంద్రాన్ని, తారాన్ని వేరువేరుగా నడిపే పద్ధతి కూడా 3.6 వంటి పాత మోడళ్లకు చెల్లుతుంది. ముందే విడదీసే ఎలక్ట్రానిక్ క్రాసోవరు ఉంటేనే దాని అసలు లాభం. తరువాత వచ్చిన 1.7, 3.7 మోడళ్లకు తీగ తగిలించే జత ఒక్కటే. వాటికి ఈ ఆశ పెట్టుకోనక్కరలేదు.

చట్రాన్ని గట్టి కర్రతో మళ్లీ కట్టించుకోవడం ఒక ముచ్చట. అంగుళం మందం తెర ఊగకుండా వెనక నుంచి ఇనుప ఊత ఇవ్వడం మరొకటి. ఊతకు ఖర్చు తక్కువ, ఫలం వినబడుతుంది. మంచి టేకుతో చట్రం చేయించుకున్నవారికి చెవి కన్నా కంటికే తృప్తి ఎక్కువ. అది తప్పేమీ కాదు.

సబ్ ఊఫరు కలపాలా అన్నది తెగని వాదన. 1.7 మోడలు 40 హెర్ట్జ్ దాకా, చిన్న ఎల్ఆర్ఎస్ 50 దాకా దిగుతాయని కంపెనీ లెక్క. సంగీత కచేరీలకు ఇది చాలు. సినిమా పాటల్లో ఈనాటి డప్పు మోతలు కావాలంటే చాలదు. కలిపేవారు తెర వేగానికి తగినట్టు మూతపెట్టె రకం చిన్న ఊఫర్లు రెండు ఎంచుకుని, గొంతు తక్కువగా పెట్టుకోవాలి. ఊఫరు ఉన్నదని తెలిసిపోతే ఎక్కువైందని అర్థం.

పాతవి కొనేవారికి

ముప్పై నలభై ఏళ్ల మ్యాగీలలో సర్వసాధారణ జబ్బు తీగ ఊడిపోవడం. పొరకు తీగను అంటించిన జిగురు కాలంతోపాటు బిగువు కోల్పోతుంది. కిటికీ ఎండ పడే చోట ఉంటే మరీ త్వరగా. అప్పుడు కొన్ని స్వరాల దగ్గర జుయ్యిమని ఈగ మోత వినిపిస్తుంది. బేరమాడేటప్పుడు పియానోగాని వేణువుగాని ఒంటరిగా ఉన్న రికార్డు పెట్టి, శబ్దం పెంచి, చెవి తెర దగ్గర పెట్టి పైనుంచి కిందికి వినాలి. గుడ్డ విప్పించి టార్చి వేసి చూడటానికి అమ్మేవారు ఒప్పుకోకపోతే కారణం ఊహించుకోవచ్చు. ఊడిన తీగను మళ్లీ అతికించవచ్చు. ఓపిక, శుభ్రమైన చెయ్యి, రెండు రోజుల సెలవు ఉన్నవారు ఇంట్లోనే చేసుకుంటున్నారు. తీగ తెగి ఉంటే మాత్రం అది వేరే కథ.

అపోజీలలో చెడేది రేకు అంచులను పట్టి ఉంచే నురుగు. అది పిండిపిండి అయ్యాక రేకు వదులై బరబరలాడుతుంది. సంస్థ మూతపడి పాతికేళ్లు దాటినా కొత్త రిబ్బన్లు చేసి ఇచ్చే నిపుణులు విదేశాలలో ఉన్నారు. వాటి రవాణా ఖర్చు కూడా కలుపుకున్నాకే బేరం తేల్చుకోవాలి.

మ్యాగీ వెనక తారస్థాయి పట్టీకి కాపలాగా ఫ్యూజు ఉంటుంది. అది పోయినప్పుడు మన ఇళ్లలో కిట్‌క్యాట్‌కు చుట్టినట్టు రాగి తీగ ముక్క చుట్టే అలవాటు ఇక్కడ పనికిరాదు. పోవలసింది రూపాయల ఫ్యూజు. తీగ చుడితే పోయేది వేల రూపాయల రిబ్బను. కంపెనీ చెప్పిన ఆంపియర్ల ఫ్యూజే వేయాలి. పదే పదే పోతున్నదంటే శబ్దం మితిమీరిందనో, ఆంప్లిఫయరు చాలక శిఖరాలు తెగుతున్నాయనో అర్థం.

మ్యాగీకి గోడ కరెంటు అక్కరలేదు. క్వాడ్ వంటి స్థిరవిద్యుత్ స్పీకర్లకు కావాలి. అమెరికా నుంచి వచ్చినవైతే 120 వోల్టులకు అమర్చి ఉండవచ్చు. మన 230కి నేరుగా పెడితే అంతే సంగతులు. వెనక రాసి ఉన్న వోల్టేజీ చూసి, మార్చే ఏర్పాటు ఉంటే తెలిసినవారి చేత మార్పించి, లేకపోతే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టుకుని మాత్రమే తగిలించాలి. సముద్రపు ఊళ్లలో తేమ వల్ల ఆవేశం కారిపోయి టపటపమనే చప్పుళ్లు వస్తాయి. ఆవేశమున్న పొర దుమ్మును ఈగల్ని తేనె లాగినట్టు లాగుతుంది. నెలల తరబడి వాడకపోయినప్పుడు గుడ్డ కప్పి ఉంచడం, వాడే ముందు గంటసేపు కరెంటు పెట్టి వదిలేయడం మంచిది.

శుభ్రం చేద్దామని క్వాడ్ వెనక జాలీ విప్పడం మాత్రం ఇంట్లోవారు చేయకూడని పని. పాత ఈఎస్ఎల్ మంద్రం పలకలకు అందే వోల్టేజీ ఆరు వేలు, తారం పలకకు పదిహేను వందలు. ప్లగ్గు పీకిన తరువాత కూడా ఆ ఆవేశం లోపల చాలాసేపు నిలిచి ఉంటుంది.